గుంపు ఆటలో అలర్టు ఎట్టా ఉండాలి? ఎవరి చేతిలో ఉండాలి?

రేత్రి తొమ్మిది దాటితే చాలు. పెదకాకాని, నంబూరు, ఉప్పలపాడు, ఎటు పోయినా అరుగుల మీదా డాబాల మీదా ఇదే గోల. "ఎడమ పక్క మేడలో ఉన్నారు రా", "నన్ను లేపండ్రా ముందు", "జోన్ వచ్చేస్తంది, పదండి పదండి". పెద్దోళ్ళకి ఇది పిచ్చి అరుపుల్లాగా వినపడిద్ది. కాస్త చెవి పెట్టి వింటే అందులో ఒక పద్ధతి ఉంది. నలుగురు కుర్రోళ్ళు నాలుగు ఊళ్ళల్లో కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఒక్క మాట మీద కదులుతున్నారు. గెలిచే జట్టుకీ ఓడే జట్టుకీ తేడా చాలాసార్లు ఆ మాట కాడే వచ్చిద్ది.

ఆ మాట గురించే ఈ వ్యాసం. గుంపుగా దాడికి పోయేటప్పుడు చెవికి వచ్చే హెచ్చరికలు, అంటే ఆడియో అలర్టులు, ఎట్టా పనిచేస్తయ్? వాటిని ఎట్టా పెట్టుకోవాలి? ఆ గంట ఎవరి చేతిలో ఉండాలి? ఈ మూడో ప్రశ్న ఆటలో మొదలై ఆట బయటికి కూడా వచ్చిద్ది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, కాస్త ఓపిగ్గా చదవండి.

రెయిడ్ అంటే ఏంది?

ఆన్‌లైన్ ఆటల్లో రెయిడ్ అంటే ఒక్కడి వల్ల కాని పెద్ద శత్రువుని గుంపుగా కలిసి కొట్టడం. ఈ పద్ధతి ప్రపంచమంతా జనంలోకి పోయింది 2004 నవంబరులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటతో. మొదట్లో అందులో పెద్ద రెయిడ్‌కి నలభై మంది దిగేవాళ్ళు. ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన స్థాయిలో ఇరవై మంది దిగుతారు. శత్రువు దెబ్బలు తన మీద వేసుకునేవాడు ట్యాంక్. గాయాలు మాన్పేవాళ్ళు హీలర్లు. మిగిలినోళ్ళు కొట్టేవాళ్ళు. ఇరవై మందిలో ఒక్కడు రెండు సెకన్లు ఆలస్యంగా జరిగితే అందరూ చచ్చి, ఆట మళ్ళీ మొదటికొచ్చిద్ది.

మన కాడ ఆ ఆట ఆడేవాళ్ళు తక్కువ. మన చేతుల్లో ఉండేది ఫోను. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్‌జీ మొబైల్‌ని ఆపేసింది. 2021 జూలైలో బీజీఎంఐ వచ్చింది. అది 2022 జూలైలో స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. అందులో నలుగురి స్క్వాడ్. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో అయితే క్లాన్ మొత్తం కలిసి చేసే రెయిడ్ వీకెండ్ ఉంది. శుక్రవారం మొదలై సోమవారం ముగుస్తది. ఆట ఏదైనా కావాల్సింది ఒకటే. ఎవరి పని వాళ్ళు చేస్తూ, అందరూ ఒకే టైముకి కదలాలి.

ఇది మనకి కొత్త విద్యేం కాదు. గుంటూరు మిర్చి యార్డులో ముఠా పనిని చూడండి. బరువైన సామాను నలుగురు కలిసి లేపేటప్పుడు ఒకరు "ఐలెస్సా" అంటారు, మిగిలిన ముగ్గురూ ఆ మాట చివర్లోనే బలం పెడతారు. ఒకడు ముందు లేపితే వాడి నడుం పోయిద్ది. ఇంకోడు ఆలస్యం చేస్తే పక్కోడి కాలు నలిగిద్ది. ఆ "ఐలెస్సా" ఉంది చూశారా, అదొక ఆడియో అలర్టు. అందరికీ తెలిసిన కేక, ఒకే అర్థం, సరైన క్షణం. రెయిడ్‌లో పెట్టుకునే అలర్టుకి కూడా ఈ మూడే కావాలి.

కన్ను చాలదా, చెవెందుకు?

రెయిడ్‌లో కంటికి ఊపిరాడదు. తెర మీద మంటలు, అంకెలు, మ్యాపు, మందుగుండు లెక్క, స్నేహితుల రక్తం గీతలు, అన్నీ ఒకేసారి. కన్ను ఒక టైములో ఒక చోటే చూడగలదు. చెవికి రెప్ప లేదు, అది అన్ని పక్కలా తెరుచుకునే ఉంటది.

వేగం కూడా చెవిదే. మామూలు పరీక్షల్లో వెలుగు చూసి మీట నొక్కడానికి మనిషికి సుమారు 180 నుంచి 200 మిల్లీసెకన్లు పడితే, శబ్దం విని నొక్కడానికి 140 నుంచి 160 చాలు. తేడా చిన్నదే. తుపాకీ ఆటలో ఆ చిన్నదే చాలాసార్లు బతుకూ చావూ తేల్చిద్ది.

దిక్కు కూడా చెవే చెప్పిద్ది. ఎడమ నుంచి వచ్చిన అడుగుల చప్పుడు ఎడమ చెవికి ముందు చేరి, కుడి చెవికి తర్వాత చేరిద్ది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా మన మెదడు పట్టేసిద్ది. అందుకే ఒక పక్క పాడైపోయిన ఇయర్‌ఫోన్‌తో ఆడితే శత్రువు ఉన్నాడని తెలిసిద్ది గానీ ఎటున్నాడో తెలవదు. ఫోను కింద ఒక్కటే స్పీకరుంటే కూడా అదే కథ.

ఇంకో ముక్క. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో శబ్దం ఆలస్యంగా వచ్చిద్ది. మామూలు రకాల్లో ఆ ఆలస్యం సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఉంటది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంటే చెవి వల్ల వచ్చిన లాభం మొత్తం అక్కడే హరించుకుపోయిద్ది. "గేమ్ మోడ్" ఉన్నవాటిలో కొంత తగ్గిద్ది. తక్కువ డబ్బులో సరైన శబ్దం కావాలంటే వైరున్న మామూలు ఇయర్‌ఫోన్సే మేలు. రెండు వేలు పెట్టి ఇయర్‌బడ్స్ కొనలేదని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

మోతలు మూడు రకాలు

మొదటిది ఆటే ఇచ్చే శబ్దం. అడుగుల చప్పుడు, బండి మోత, తుపాకీ పేలుడు. ఇవి ఆటలో భాగం, అందరికీ సమానం.

రెండోది గుర్తు చేసే శబ్దం. కంప్యూటర్ ఆటల్లో ఈ విద్య బాగా ముదిరింది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో డెడ్లీ బాస్ మాడ్స్, బిగ్‌విగ్స్ అనే అదనపు ప్రోగ్రాములు ఏళ్ళ తరబడి వాడకంలో ఉన్నాయి. వాటిని యాడ్‌ఆన్లు అంటారు. పెద్ద శత్రువు తర్వాత ఏ దెబ్బ ఎప్పుడు వేస్తాడో అవి లెక్కపెట్టి "అయిదు, నాలుగు, మూడు" అని చెవిలో చెప్తయ్. జీటీఎఫ్‌ఓ అని ఇంకోటుంది. మీరు మంటలో నిలబడితే చాలు, వెంటనే మోగిద్ది. జరిగితే ఆగిద్ది.

మూడోది మనిషి గొంతు. జట్టు నాయకుడు మైకులో చెప్పే మాట. డిస్కార్డ్ 2015లో వచ్చింది. ఫోను ఆటల్లో మైకు ఆటలోనే ఉంటది. మైకు ఆన్ చెయ్యలేని చోట ఆటలోనే తయారుగా ఉన్న చిన్న మాటల మీట నొక్కొచ్చు. "ముందు శత్రువులున్నారు" లాంటివి.

ఈ మూడిట్లో ఏది గొప్పదంటే నేను మనిషి గొంతుకే ఓటేస్తా. యంత్రం "దెబ్బ వస్తంది" అని మాత్రమే చెప్పగలదు. "ఒరే, నువ్వు అలిసిపోయావు, ఈసారి వెనక ఉండు" అని చెప్పాలంటే మనిషే కావాలి. కాకపోతే మనిషి గొంతుకి క్రమశిక్షణ లేకపోతే అన్నిటికంటే చెడ్డ మోత కూడా అదే.

మంచి అలర్టుకి ఆరు గుణాలు

ఒకటి, తక్కువ ఉండాలి. ఆసుపత్రి ఐసీయూల్లో మిషన్లు పొద్దస్తమానం మోగుతా ఉంటే, కొన్నాళ్ళకి అక్కడి సిబ్బంది చెవులు వాటిని పట్టించుకోవడం మానేస్తయ్. దీన్ని అలారం అలసట అంటారు, రోగుల ప్రాణాల మీదికొచ్చే సమస్య అది. ఆటలోనూ అంతే. పదిహేను అలర్టులు పెట్టుకున్నోడు ఒక్కటీ వినడు. ఏది మోగకపోతే చస్తామో అదే మోగాలి. మిగిలినయ్ కంటితో చూసుకోవచ్చు.

రెండు, ఒక శబ్దానికి ఒకే అర్థం. గంట కొడితే పక్కకి జరగాలి, ఈల వేస్తే దగ్గరికి రావాలి అనుకున్నారా, ఇక అదే ఖాయం. పొలంలో మంచె మీద కాపలా ఉండేవాడు డబ్బా కొడితే పక్షులకని అందరికీ తెలుసు. అదే డబ్బా అన్నానికి పిలవడానికి కూడా కొడితే ఎవడు లేస్తాడు?

మూడు, ఏం జరుగుతుందో కంటే ఏం చెయ్యాలో చెప్పాలి. విమానం నేలకి ప్రమాదంగా దగ్గరైనప్పుడు కాక్‌పిట్‌లో "పుల్ అప్" అని వినపడిద్ది. పైకి లాగు అని అర్థం. మీరు ఎంత ఎత్తులో ఉన్నారు, కొండ ఎంత దూరం అని ఉపన్యాసం చెప్పదు. మన స్క్వాడ్‌లో "అరే అరే అరే వచ్చాడ్రా" అనే కేక వల్ల ఎవరికీ ఏమీ తెలవదు. "కుడి, గోడ వెనక, ఒకడు" అంటే మూడు మాటల్లో పని అయిపోయిద్ది.

నాలుగు, ముందే రావాలి. దెబ్బ పడ్డాక మోగేది అలర్టు కాదు, ఏడుపు. మూడు నుంచి అయిదు సెకన్ల ముందు చెప్తే మనిషి ఆలోచించి జరుగుతాడు. అరనిముషం ముందు చెప్తే మర్చిపోతాడు.

ఐదు, ఎవరికి కావాలో వాళ్ళకే. హీలర్‌కి కావాల్సిన గంట అందరి చెవిలో మోగాల్సిన పని లేదు. మాటతో చెప్పేటప్పుడు పేరు ముందు పిలవండి, పని తర్వాత చెప్పండి. 1959లో నెవిల్ మోరే అనే పరిశోధకుడు ఒక పరీక్ష చేశాడు. ఒక చెవిలో వచ్చే మాటల మీదే ధ్యాస పెట్టమని మనుషులకి చెప్పి, రెండో చెవిలో వాళ్ళ పేరుతో పిలిచాడు. దాదాపు మూడో వంతు మంది ఆ పిలుపుని గుర్తించారు. వేరే ఏ మాటనీ అట్టా పట్టుకోలేదు. అంటే పేరుకి బలముంది, కానీ పేరు పిలిస్తే అందరూ వింటారని కూడా లేదు. అందుకే పిలిపించుకున్నోడు "సరే" అనాలి. ఆ "సరే" వినపడే దాకా కబురు చేరినట్టు కాదు.

ఆరు, మన భాషలో ఉండాలి. ఇంగ్లీషు గొంతు చెప్పింది అర్థం చేసుకునే లోపు సెకను పోయిద్ది. ఫోను తెలుగు అక్షరాలు చదివి వినిపించగలుగుతున్న రోజులివి. మన గొంతు మనమే రికార్డు చేసుకోవచ్చు. కంప్యూటర్ ఆటల్లో సొంత శబ్దం పెట్టుకునే వీలు చాలాకాలంగా ఉంది. "జరుగు", "ఆగు", "లేపు", "పరిగెత్తు", ఈ నాలుగు మాటలు మీ ఊరి యాసలో ఉంటే చెవికి ఇట్టే పడతయ్.

ఇక సెట్టింగ్స్ కాడికి వస్తే, చాలా ఆటల్లో పాట, చప్పుళ్ళు, మైకు మాట వేరువేరుగా తగ్గించుకునే గీతలుంటయ్. పాట పూర్తిగా తీసెయ్యండి. చప్పుళ్ళు మధ్యలో పెట్టండి. మాట వాటిమీద ఒక మెట్టు పైన ఉండాలి. దాడి మొదలయ్యాక ఒక్కరే కేక వెయ్యాలి. మిగిలినోళ్ళు అవసరమైతేనే నోరు తెరవాలి. ఆ ఒక్కరు ఎవరో ముందే అనుకోండి, రోజుకొకరికి ఆ పని ఇవ్వండి. రోజూ కేక వేసేవాడే నాయకుడై, మిగిలినోళ్ళు కూలోళ్ళై పోకూడదు.

యంత్రమే ఆలోచిస్తే మనమేం చెయ్యాలి?

ఇక్కడే అసలు చర్చ మొదలయ్యింది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో యాడ్‌ఆన్లు ఎంత తెలివిమీరాయంటే, ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు ముందు జరగాలో కూడా అవే లెక్కేసి చెప్పేసేవి. ఆడేవాడు చెప్పింది చెయ్యడమే. గానుగెద్దుకి గంతలు కట్టినట్టు. యాడ్‌ఆన్లు ఉన్నాయి కదా అని కంపెనీ ఇంకా కష్టమైన శత్రువుల్ని తయారుచేసింది. ఆ కష్టానికి తట్టుకోవడానికి ఇంకా తెలివైన యాడ్‌ఆన్లు వచ్చాయి. చివరికి 2025లో బ్లిజార్డ్ కంపెనీ, మిడ్‌నైట్ అనే కొత్త భాగంతో పోరాటం నడిచేటప్పుడు యాడ్‌ఆన్లు లెక్కలు కట్టకుండా ఆపేస్తామని, అవసరమైన హెచ్చరికలు ఆటలోనే పెడతామని చెప్పింది. వీక్‌ఆరాస్ అనే బాగా పేరున్న యాడ్‌ఆన్ తయారుచేసేవాళ్ళు మిడ్‌నైట్‌కి తాము చెయ్యబోమని ప్రకటించారు.

దీంట్లో రెండు పక్కలా న్యాయముంది. ఆలోచన మనిషి చెయ్యాలన్నది సరైన మాట. అయితే ఆ యాడ్‌ఆన్లలో ఎక్కువ భాగం ఆడేవాళ్ళే కూర్చుని, పక్కోళ్ళ కోసం తయారుచేసినయ్. జనం చేతిలో ఉన్న గంట కంపెనీ చేతిలోకి పోతంది. కంపెనీ మంచి గంట ఇస్తే సరే. ఇవ్వకపోతే అడిగే దారి ఏది?

ఈ చర్చ విని మీరు మాత్రం ఒక పొరపాటు చెయ్యొద్దు. ఫోను ఆటల్లో "శత్రువు దగ్గరికొస్తే మోగే యాప్" అని టెలిగ్రాముల్లో, యూట్యూబ్ కింద లింకులు తిరుగుతా ఉంటయ్. బీజీఎంఐ లాంటి ఆటల్లో అట్టాంటివి మోసం కింద లెక్క. అకౌంటు పోయిద్ది. అంతకంటే పెద్ద ప్రమాదం, ఆ ఏపీకే ఫైలుకి మీరిచ్చే అనుమతుల్లో మెసేజీలు చదివే అనుమతి కూడా ఉంటే బ్యాంకు ఓటీపీ దాని చేతిలో పడ్డట్టే. అమ్మ ఫోనులో డ్వాక్రా డబ్బులుంటయ్, నాన్న ఫోనులో పత్తి అమ్మిన డబ్బులుంటయ్. ఇప్పటికే ఎవరైనా ఇరుక్కుంటే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే నంబరు అది.

వినపడనోళ్ళు, చూడలేనోళ్ళు, మైకు ఆపేసుకున్నోళ్ళు

అలర్టు అందరికీ చేరితేనే అలర్టు. చేరనోళ్ళు ఎవరెవరో లెక్కేద్దాం.

చెవులు వినపడని తమ్ముడు మన ఊళ్ళల్లో లేడా? ఉన్నాడు. వాడు కూడా ఆడతాడు. బీజీఎంఐలో దగ్గరి అడుగుల గుర్తులు, పేలుళ్ళ గుర్తులు చిన్న మ్యాపు మీద కనపడతయ్. ఫోర్ట్‌నైట్‌లో శబ్దాన్ని బొమ్మగా చూపించే సెట్టింగ్ ఉంది. వాడు జట్టులో ఉంటే ప్రతి కేకకీ తోడుగా మ్యాపు మీద ఒక గుర్తు కూడా పెట్టండి. అంతే పని.

చూపు లేనోళ్ళ సంగతి వేరు. పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది కాబట్టి చూపు విలువ మన మండలానికి ఒకరు చెప్పక్కర్లేదు. అయితే చూపు రానోళ్ళకి కూడా ఆట ఉండాలిగా? 2020లో వచ్చిన ద లాస్ట్ ఆఫ్ అజ్ రెండో భాగంలో అరవైకి పైగా సౌకర్యాల సెట్టింగ్స్ పెట్టారు. దారి ఎటు, గోడ ఎక్కడ, శత్రువు ఎటు అన్నీ శబ్దంతో చెప్పే ఏర్పాటు అందులో ఉంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో చూపు లేనోళ్ళ కోసం స్కూ అనే యాడ్‌ఆన్ తయారైంది. మనకి సౌకర్యంగా ఉన్న గంట, వాళ్ళకి దారి. యాడ్‌ఆన్లు ఆపేసేటప్పుడు కంపెనీలు ముందు అడగాల్సింది వీళ్ళని.

మూడో రకం మన మధ్యే ఉన్నారు. ఆడపిల్లలు. గొంతు వినగానే అవతలి వాళ్ళు, ఒక్కోసారి సొంత జట్టువాళ్ళే, బూతులు మొదలెడతారు. నంబరు అడుగుతారు. దాంతో ఆ పిల్ల మైకు ఆపేసుకుని ఆడిద్ది. మీ వెనక వస్తున్న శత్రువుని ఆమె ముందు చూసినా మీకు చెప్పదు. తప్పు ఆమెది కాదు. నలుగురి జట్టులో మీరే ఒక జత చెవులు కోసుకున్నారు. కులం పేరుతో తిట్టే తిట్లకి కూడా ఇదే లెక్క. నోరు మూయించిన మనిషి నుంచి హెచ్చరిక ఎట్టా వచ్చిద్ది? జట్టులో ఎవడైనా ఆ మాట అంటే నాయకుడు అక్కడికక్కడే ఆపాలి, వినకపోతే వాణ్ని తీసెయ్యాలి. మర్యాద సంగతి పక్కన పెట్టి గెలుపు లెక్క చూసుకున్నా ఇదే సరైన పని.

డప్పు చెప్పిన పాఠం

గంట ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నకి మన నేల మీదే ఒక సమాధానముంది.

పాత రోజుల్లో ఊరికి ఆడియో అలర్టు అంటే దండోరా. మునసబు, కరణం ఏం చెప్తే అది డప్పు కొట్టి చాటాలి. శిస్తు కట్టమనో, ఫలానా రోజు అధికారి వస్తన్నాడనో. కొట్టే చెయ్యి మాదిగ వాడది. చాటే మాట వేరేవాళ్ళది. ఊరంతటికీ కబురు మోసిన మనిషి, ఆ కబురు తయారైన అరుగు మీద కూర్చోడానికి లేదు.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. ఆ ఉద్యమానికి జనం పెట్టుకున్న పేరు దండోరా. డప్పు అదే. ఈసారి మోగింది కొట్టినవాళ్ళ సొంత మాట. ఎస్సీ వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 2024 ఆగస్టు 1న తీర్పిచ్చే దాకా, ముప్పై ఏళ్ళు ఆ మోత ఆగలేదు. తీర్పు మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకి ఉండొచ్చు. మోత ఎవరిదో అక్కడ అందరికీ తెలుసు.

అలర్టు చివరి మనిషి దాకా చేరకపోతే ఏమవుద్దో కూడా మన తీరానికి తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమ మీద, గుంటూరు జిల్లా తీరం మీద పడ్డ తుపాను పదివేలకు పైగా ప్రాణాలు తీసింది. ఫోన్లు, రేడియోలు తక్కువైన ఆ రోజుల్లో హెచ్చరిక చివరి గుడిసె దాకా పోలేదు. 2023లో కేంద్రం ఫోన్లన్నిటికీ ఒకేసారి పెద్ద మోతతో, వైబ్రేషన్‌తో పరీక్ష సందేశాలు పంపింది గుర్తుందా? చాలామంది ఉలిక్కిపడి తిట్టుకున్నారు. ఆ మోత విలువ తుపాను రోజు తెలిసిద్ది. దాన్ని సెట్టింగ్స్‌లో ఆపెయ్యొద్దు.

కంపెనీ గంట వేరు, జట్టు గంట వేరు

ఇప్పుడు మీ ఫోను తీసి చూడండి. రేత్రి పన్నెండుకి "నీ బహుమతి పోతంది, రెండు గంటలే ఉంది" అని మోగేది ఎవరి గంట? పొద్దున్నే "ఇయ్యాల లాగిన్ కాలేదు" అని మోగేది ఎవరిది? పెట్టె తెరిస్తే చిల్లర రాలినట్టు గలగలమనే మోత ఎందుకు పెట్టారు? అది మీ జట్టుని కాపాడే హెచ్చరిక కాదు. మీ జేబుకి, మీ నిద్రకి వేసిన గాలం. పందెం యాప్‌లు ఈ విద్యలో ఆరితేరినయ్. రాష్ట్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతా ఆపుతూ చట్టం చేసింది. ఈ-స్పోర్ట్స్‌ని అదే చట్టం గుర్తించింది. చట్టం కాగితం మీద ఉంటది, గలగల మోత మాత్రం చెవిలో ఉంటది. దాన్ని ఆపాల్సింది మనమే.

పని సులువు. ఫోను సెట్టింగ్స్‌లో ఆట నోటిఫికేషన్లు ఆపెయ్యండి. రెయిడ్ టైము గుర్తుండాలంటే జట్టు వాట్సాప్ గ్రూపులో ఒకరు గొంతు సందేశం పెట్టండి. పిలిచేది మీ మనిషైతే "ఇయ్యాల రాలేనురా, మిరపకాయలు కళ్ళంలో ఉన్నయ్, మబ్బు పట్టింది" అని చెప్పొచ్చు. కంపెనీ గంటకి ఆ మాట చెప్పినా దానికి వినపడదు.

చెవులు అరిగితే కొత్తవి దొరకవు

చివరిగా ఆరోగ్యం సంగతి. 12 నుంచి 35 ఏళ్ళ వయసులో వంద కోట్ల మందికి పైగా యువత మోతల వల్ల వినికిడి పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తంది. దాని లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ మోతని వారానికి 40 గంటలు తట్టుకోవచ్చు. అదే 90 డెసిబెల్స్ అయితే వారానికి నాలుగు గంటలే. పది డెసిబెల్స్ పెరిగితే టైము పదో వంతుకి పడిపోయింది, చూశారా? 2024 జనవరిలో బీఎంజే పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన ఒక సమీక్ష, ఆటలాడేవాళ్ళు వినే మోత చాలాసార్లు ఈ హద్దుకి దగ్గరగానో, దాటో ఉంటుందని తేల్చింది. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికాం సంస్థ కలిసి వీడియో ఆటల్లో, ఈ-స్పోర్ట్స్‌లో మోత హద్దుల మీద ప్రమాణాలు కూడా తెచ్చినయ్.

అలర్టు వినపడట్లేదని మొత్తం వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు చూడండి, అక్కడే చెడిపోయిద్ది. అలర్టు వినపడాలంటే మిగిలినయ్ తగ్గించాలి. వాల్యూమ్ అరవై శాతం దాటనివ్వొద్దు. గంటకోసారి అయిదు నిముషాలు చెవులకి సెలవివ్వండి. ఆడటం ఆపాక చెవిలో గుయ్యిమంటే అది చెవి మనకిచ్చే అలర్టు. పదేపదే అట్టా ఉంటే చెవి డాక్టరుకి చూపించండి.

ఇంకో మాట గట్టిగా చెప్తా. విజయవాడ హైవే దాటేటప్పుడు, గుంటూరు రైలు పట్టాల పక్కన నడిచేటప్పుడు, పొలంలో మోటారు కాడ ఉన్నప్పుడు రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉండొద్దు. లారీ హారన్, రైలు కూత, తెగిన కరెంటు తీగ బుస్సుమనే చప్పుడు, ఇవి కూడా ఆడియో అలర్టులే. ఆటలో చస్తే స్నేహితుడు వచ్చి లేపుతాడు. అక్కడ లేపేవాడు ఉండడు.

ఇయ్యాల రేత్రి ఆటకి కూర్చునే ముందు పది నిముషాలు కేటాయించండి. జట్టులో ఎవరికి ఏ చెవి సరిగ్గా వినపడదో, ఎవరి ఇయర్‌ఫోన్ పాడైందో, ఎవరు మైకు ఎందుకు ఆపుకుంటున్నారో అడగండి. నాలుగు మాటలు ఎంచుకోండి, వాటికి అర్థాలు ఖాయం చేసుకోండి. ఇయ్యాల కేక ఎవరిది, రేపు ఎవరిది అని అనుకోండి. పిలుపు అందుకున్నోళ్ళు "సరే" అనడం అలవాటు చేసుకోండి. ఆ తర్వాత మ్యాచ్ మొదలెట్టండి. ఇంట్లో అమ్మ అన్నానికి కేకేస్తే మాత్రం, ఆ కేకకి కూడా "సరే" అనాలి. అని లేవాలి.